చిన్నకణ ఊపిరితిత్తుల క్యాన్సర్ చికిత్స

చిన్నకణ ఊపిరితిత్తుల క్యాన్సర్ అనేది ఊపిరితిత్తులలో పుట్టే రాచపుండు రకాలలో అత్యంత వేగంగా పెరిగేది. ప్రపంచవ్యాప్తంగా ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులలో దాదాపు 13 నుండి 15 శాతం మందిలో ఈ రకం కనిపిస్తుంది. మిగిలిన రకాలన్నిటినీ కలిపి చిన్నకణేతర క్యాన్సర్ అని వ్యవహరిస్తారు. ఈ విభజన పేర్ల కోసం చేసినది కాదు. రెండింటి చికిత్సా మార్గాలు మొదటి అడుగులోనే వేరుపడతాయి. చిన్నకణేతర రకంలో తొలిదశలో శస్త్రచికిత్స ప్రధానం కాగా, చిన్నకణ రకంలో మందుల చికిత్స (కీమోథెరపీ), వికిరణ చికిత్స (రేడియేషన్) ప్రధానమైనవి.

ఈ వ్యాధికి ఒక విచిత్ర స్వభావం ఉన్నది. మొదటి రెండు విడతల మందులకే కణితి చాలామందిలో సగానికి పైగా కరిగిపోతుంది. ఊపిరి ఆడుతుంది, ముఖం వాపు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. రోగికీ బంధువులకూ జబ్బు నయమైనట్లే తోస్తుంది. కాని ఎక్కువమందిలో అది కొన్ని నెలలలోనే తిరిగి తలెత్తుతుంది, రెండవసారి మందులకు అంత సులభంగా లొంగదు. గత యాభై ఏళ్లలో ఈ వ్యాధి చికిత్సలో జరిగిన పరిశోధనలలో అత్యధిక భాగం ఆ రెండవ రాకను ఆపడానికి, లేదా వెనక్కు నెట్టడానికి చేసిన ప్రయత్నాలే.

పేరు, స్వభావం

సూక్ష్మదర్శినిలో చూచినపుడు ఈ క్యాన్సర్ కణాలు చిన్నవిగా, కేంద్రకం చుట్టూ దాదాపు ఏమీ లేనట్లుగా కనిపిస్తాయి. ఓట్స్ అనే ధాన్యపు గింజలను పోలి ఉన్నందున పూర్వం దీనిని ఓట్ కణ క్యాన్సర్ అనేవారు. రొమ్ము ఎముక వెనుక భాగంలో పుట్టే వేరొక వ్యాధిగా భావిస్తూ వచ్చిన దీనిని, నిజానికి ఊపిరితిత్తులలోనే పుట్టే క్యాన్సర్ అని 1926లో ఆంగ్ల వైద్యుడు బర్నార్డ్ నిరూపించాడు.

ఈ కణాలకు నాడీకణాల లక్షణాలు, హార్మోనులు స్రవించే గ్రంథికణాల లక్షణాలు రెండూ ఉంటాయి. అందువలన కొందరు రోగులలో దగ్గు, ఆయాసం కంటే ముందే వింత లక్షణాలు బయటపడతాయి. రక్తంలో సోడియం పడిపోయి మనిషి తికమకగా మాట్లాడవచ్చు. తొడల కండరాలు బలహీనపడి కూర్చున్నవారు లేవలేకపోవచ్చు. ఛాతీలోని పెద్ద సిర నొక్కుకుపోయి ముఖం, మెడ ఉబ్బవచ్చు. సోడియం తగ్గి తికమకపడే పెద్దవయసు వారిని ఇంట్లోవారు మతిమరుపు అనుకొని ఊరుకోవడం కద్దు.

దాదాపు అందరు రోగుల కణాలలోనూ టీపీ53, ఆర్‌బీ1 అనే రెండు కాపలా జన్యువులు పనిచేయకుండా పోయి ఉంటాయి. ఇవి కణవిభజనకు కళ్లెం వంటివి. కళ్లెం తెగిన గుర్రం వలె కణాలు విభజన చెందుతాయి కనుకనే, విభజన చెందుతున్న కణాలను చంపే కీమో మందులు మొదట అంత బాగా పనిచేస్తాయి.

చిన్నకణేతర క్యాన్సర్‌లో కొందరికి, ముఖ్యంగా పొగత్రాగని స్త్రీలకు, జన్యుపరీక్ష చేసి రోజుకొక మాత్రతో చికిత్స చేయడం ఇప్పుడు సామాన్యమైనది. పక్క ఊరి రోగికి మాత్రతో తగ్గినదని విని, అదే మాత్ర తమకూ వ్రాయమని చిన్నకణ రోగుల బంధువులు అడుగుతుంటారు. ఆ మాత్రలు పనిచేసే జన్యుమార్పులు ఈ రకంలో సాధారణంగా ఉండవు. మాత్ర ఇవ్వకపోవడం వైద్యుని నిర్లక్ష్యం కాదు.

పొగాకుతో సంబంధం

చిన్నకణ క్యాన్సర్ రోగులలో నూటికి 95 మందికి పైగా పొగ త్రాగేవారు, లేదా ఒకప్పుడు త్రాగినవారు. ఏ ఇతర ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ పొగతో ఇంత గాఢమైన సంబంధం లేదు. సిగరెట్టు, బీడీ, చుట్ట అనే భేదం ఇక్కడ పనికిరాదు.

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలకు పొగాకుతో ఉన్న సంబంధం పాతది. గుంటూరు ప్రాంతంలో 1920లలో వర్జీనియా పొగాకు సాగు వేళ్లూనుకున్నది. రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ ఏర్పడినది. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉన్నది. నూజివీడు మామిడి తోటలు దాటి ఈశాన్యంగా వెళితే జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం వైపు తేలిక నేలల పొగాకు పొలాలు, ఆకు కాల్చే బ్యారన్లు కనిపిస్తాయి. పొగాకు పండించడం వలన ఈ క్యాన్సర్ రాదు. దాని పొగను పీల్చడం వలన వస్తుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో స్త్రీలు చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకొని త్రాగే అడ్డపొగ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని చాలాకాలం క్రితమే తేలినది. అది వేరొక వ్యాధి, వేరొక చికిత్స.

రోగం నిర్ధారణ అయిన తరువాత పొగ మానడం వలన ప్రయోజనమేమిటని చాలామంది ప్రశ్నిస్తారు. ప్రయోజనం ఉన్నది. మానినవారిలో వికిరణ చికిత్స దుష్ఫలితాలు తక్కువ, ఆయుర్దాయం ఎక్కువ, రెండవ క్యాన్సర్ వచ్చే అవకాశం తక్కువ. మానదలచినవారికి సలహా ఇచ్చే జాతీయ ఉచిత ఫోను సంఖ్య 1800-112-356.

ఆలస్యం ఎక్కడ జరుగుతున్నది

ఈ కణితి కొన్ని వారాలలోనే రెట్టింపు కాగలదు. చికిత్స లేకుంటే నిర్ధారణ తరువాత రోగి సగటున రెండు నుండి నాలుగు నెలలు మాత్రమే బ్రతుకుతాడు. కాబట్టి మిగతా క్యాన్సర్లలో నెల రోజుల జాప్యానికి, ఇందులో నెల రోజుల జాప్యానికి చాలా తేడా ఉన్నది.

కృష్ణా జిల్లాలోని బాపులపాడు వంటి ఊళ్లలో దీర్ఘకాలపు దగ్గుకు మొదట గుర్తుకువచ్చేవి నెమ్ము, క్షయ. భారతదేశంలో క్షయ అంత విస్తృతంగా ఉన్నందున ఇది సహజమే. ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే కళ్లెలో క్షయ క్రిములు దొరకకపోయినా క్షయ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలలు చూచి, తగ్గకపోతే అప్పుడు పెద్దాసుపత్రికి పంపడం దేశమంతటా వైద్యులు గుర్తించిన పొరపాటు. నలభై ఏళ్లు దాటి, పొగ త్రాగే అలవాటు ఉన్న వ్యక్తికి కళ్లెలో క్రిమి కనబడకుండా క్షయ మందులు ఇవ్వవలసి వస్తే, ముందుగా సీటీ స్కాన్ తీయించడం మేలు. మందులు వాడిన కొద్ది వారాలలో గుణం కనిపించకపోతే ముక్క తీసి పరీక్షించడానికి వెనుకాడరాదు.

మరొక జాప్యం వ్యవసాయ పంచాంగానికి సంబంధించినది. మామిడి కాపు ఏప్రిల్ నుండి జూన్ వరకు ఉంటుంది. తోట గుత్తకిచ్చినవారికైనా, తామే కోయించుకొనేవారికైనా ఏడాది ఆదాయం ఆ రెండు మూడు నెలలలోనే. కోతలు అయ్యాక వెళ్దామని ఫిబ్రవరిలో మొదలైన ఆయాసాన్ని జూన్ దాకా ఓర్చుకుంటే, ఛాతీలో ఒక పక్కన ఉన్న జబ్బు కాలేయానికి, ఎముకలకు, మెదడుకు ప్రాకడానికి ఆ వ్యవధి చాలు. అప్పుడు చికిత్స లక్ష్యమే మారిపోతుంది.

నిర్ధారణ, దశ

శ్వాసనాళంలోకి సన్నని గొట్టం పంపి (బ్రాంకోస్కోపీ) గాని, స్కాన్ చూస్తూ సూది ద్వారా గాని చిన్న ముక్క తీస్తారు. మెడ వద్ద గ్రంథి ఉబ్బి ఉంటే దాని నుండి తీయడం మరింత సులభం. ముక్క పరీక్షలో సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్, సీడీ56 వంటి రంజక పరీక్షలు చేసి రకం నిర్ధారిస్తారు. తరువాత ఛాతీ, ఉదరం సీటీ స్కాన్, మెదడు ఎంఆర్ఐ, వీలైనచోట పెట్-సీటీ తీస్తారు. క్యాన్సర్ ముక్కను సూదితో కదిలిస్తే జబ్బు ప్రాకుతుందనే భయం చాలామందికి ఉన్నది. ఈ వ్యాధి ముక్క తీయకముందే ప్రాకే స్వభావం కలది. ముక్క తీయకుండా చికిత్స మొదలుపెట్టడం సాధ్యం కాదు.

దశలను నిర్ణయించడానికి నాలుగు దశల పద్ధతి ఉన్నప్పటికీ, 1950లలో అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రుల వైద్యబృందం ప్రవేశపెట్టిన రెండు దశల పద్ధతినే వైద్యులు నేటికీ వాడుతున్నారు. జబ్బు ఛాతీలో ఒక పక్కకే పరిమితమై, మొత్తం ఒకే వికిరణ క్షేత్రంలో ఇమిడితే అది పరిమిత దశ. అంతకు మించితే విస్తృత దశ. రోగులలో మూడింట రెండువంతుల మంది నిర్ధారణ నాటికే విస్తృత దశలో ఉంటారు. పరిమిత దశలో చికిత్స రోగాన్ని నయం చేయాలనే ఆశతో జరుగుతుంది. విస్తృత దశలో ఆయుర్దాయం పెంచడానికి, బాధ తగ్గించడానికి జరుగుతుంది. ఈ తేడాను వైద్యుడు మొదటిరోజే రోగికి చెప్పడం అవసరం, రోగి అడగడం కూడా తప్పు కాదు.

చికిత్స చరిత్ర

శస్త్రచికిత్సతో దీనిని జయించవచ్చునని మొదట భావించారు. బ్రిటన్‌లోని వైద్య పరిశోధనా మండలి శస్త్రచికిత్సను, వికిరణాన్ని పోల్చి చేసిన అధ్యయనపు పదేళ్ల ఫలితాలు 1973లో వెలువడినాయి. వికిరణం పొందినవారే కొంత ఎక్కువ కాలం బ్రతికారు. దానితో కత్తి వెనక్కు తగ్గినది. నేడు గ్రంథులకు ఏమాత్రం ప్రాకని అతి చిన్న కణితులకు, అంటే నూటికి అయిదుగురికి మించని రోగులకు మాత్రమే శస్త్రచికిత్స చేస్తారు. వారికి కూడా తరువాత కీమో తప్పదు.

మందుల చరిత్రలో తెలుగువారికి సంబంధించిన ఘట్టం ఒకటి ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనకు నాయకత్వం వహిస్తూ ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే మందులను తయారుచేయించాడు. వాటిలో ఒకదానిని సిడ్నీ ఫార్బర్ 1947లో రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా వ్యాధిని వెనక్కు మళ్లించాడు. సుబ్బారావు 1948లో మరణించాడు. ఆయన బృందం నుండి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను 1970లలో సైక్లోఫాస్ఫమైడ్, లోమస్టీన్ మందులతో కలిపి చిన్నకణ క్యాన్సర్‌కు వాడారు. ఒకే మందు కంటే రెండు మూడు మందుల కలయిక మేలని ఆ దశాబ్దంలోనే తేలినది. ఇప్పుడు ఈ వ్యాధికి మెథోట్రెక్సేట్ వాడరు.

ప్రస్తుతం వాడే రెండు ప్రధాన మందుల పుట్టుక ఆసక్తికరమైనది. అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు బాక్టీరియాపై విద్యుత్ క్షేత్రం ప్రభావాన్ని పరిశీలిస్తుండగా అవి విభజన చెందడం మానివేసినాయి. కారణం విద్యుత్తు కాదు, ప్లాటినం తీగల నుండి ద్రవంలోకి చేరిన ప్లాటినం సమ్మేళనమని 1965లో ప్రకటించాడు. ఆ సమ్మేళనమే సిస్‌ప్లాటిన్. 1978లో అమెరికాలో అది మందుగా అనుమతి పొందినది. రెండవది ఎటోపొసైడ్. ఇది పోడోఫిల్లం జాతి మొక్కల వేరులోని పదార్థం నుండి తయారవుతుంది. ఆ జాతిలో భారతీయ మొక్క హిమాలయాలలో పెరిగే బన్‌కక్రి. విచక్షణారహితంగా త్రవ్వడం వలన అది అక్కడ అరుదైపోయినది.

సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్ జంట 1980ల నుండి నేటివరకు ఈ చికిత్సకు వెన్నెముకగా ఉన్నది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి, వినికిడి తగ్గినవారికి సిస్‌ప్లాటిన్ బదులు కార్బోప్లాటిన్ ఇస్తారు. ఈ మూడు మందులూ భారత ప్రభుత్వ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నాయి, భారతీయ కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర అందుబాటులోనే ఉన్నది.

పరిమిత దశలో చికిత్స

ఈ దశలో కీమో, వికిరణం రెండూ ఒకేకాలంలో ఇవ్వడం ఉత్తమం. సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్ మందులను మూడు వారాలకొకసారి చొప్పున నాలుగు విడతలు ఇస్తారు. ఒక్కొక్క విడతలో మూడు రోజులు సెలైన్ ద్వారా మందు ఎక్కుతుంది. మొదటి లేదా రెండవ విడతతోపాటే ఛాతీకి వికిరణం మొదలుపెట్టాలి. పల్లెలలో దీనినే కరెంటు పెట్టడం అంటారు. ఇందులో విద్యుత్ షాకు ఏమీ ఉండదు, ఎక్స్‌రే తీయించుకున్నట్లే ఉంటుంది. ఈ మాట వలన భయపడి చికిత్స వద్దన్న వృద్ధులు కూడా ఉండటం వలన వివరించవలసి వస్తున్నది.

వికిరణం ఇచ్చే పద్ధతులు రెండు. అమెరికాలో టురిసి, అతని సహచరులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, 45 గ్రేల మోతాదును రోజుకొకసారి చొప్పున అయిదు వారాలు ఇచ్చినపుడు అయిదేళ్ల తరువాత 16 శాతం మంది జీవించి ఉండగా, అదే మోతాదును రోజుకు రెండుసార్లు చొప్పున మూడు వారాలలో ముగించినపుడు 26 శాతం మంది జీవించి ఉన్నారు. కణాలు కోలుకొని పెరిగే వ్యవధి ఇవ్వకపోవడమే దీని రహస్యం. అయితే అన్నవాహిక పుండై మింగడం కష్టమయ్యే బాధ రెండవ పద్ధతిలో ఎక్కువ. తరువాత రోజుకొకసారి ఇచ్చే మోతాదును 66 గ్రేలకు పెంచి, రోజుకు రెండుసార్ల పద్ధతితో పోల్చిన ఐరోపా అధ్యయనం 2017లో వెలువడినది. పెంచిన మోతాదు మెరుగైనదని అందులో తేలలేదు, కాని ఫలితాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. అందుచేత రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి.

గ్రామీణ రోగికి ఈ రెండింటి మధ్య ఎంపిక వైద్యపరమైనది మాత్రమే కాదు. రోజుకు రెండుసార్లు అంటే ఆ రెండింటి మధ్య కనీసం ఆరు గంటల ఎడం ఉండాలి. బాపులపాడు నుండి విజయవాడకు సుమారు 40 కిలోమీటర్లు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి యంత్రం క్రింద పడుకోవలసిన మనిషి, మధ్యలో ఇంటికి వచ్చి వెళ్లలేడు. మూడు వారాలు ఆసుపత్రి దగ్గరే గది తీసుకొని, వండిపెట్టే మనిషిని తోడు ఉంచుకోవాలి. రోజుకొకసారి పద్ధతిలో హనుమాన్ జంక్షన్ నుండి బస్సులో పోయి రావచ్చు, కాని అది ఆరు ఏడు వారాలు సాగుతుంది. తెల్లకణాలు తగ్గిన మనిషికి కిక్కిరిసిన బస్సు ప్రయాణం మంచిది కాదు. మూడు వారాల బస చేయగల కుటుంబానికి మొదటి పద్ధతే మేలు. ఏ పద్ధతి ఎంచుకున్నా మధ్యలో రోజులు తప్పిపోవడం అన్నిటికంటే హానికరం.

ఈ దశ చికిత్సలో చాలా ఏళ్ల తరువాత వచ్చిన పెద్ద మార్పు 2024లో ప్రచురితమైన అడ్రియాటిక్ అధ్యయనం. కీమో, వికిరణం ముగిసి జబ్బు ముదరని రోగులకు డుర్వలుమాబ్ అనే రోగనిరోధక చికిత్సను నాలుగు వారాలకొకసారి గరిష్ఠంగా రెండేళ్లు ఇచ్చారు. ఆ మందు పొందినవారి మధ్యస్థ ఆయుర్దాయం 55.9 నెలలు, పొందనివారిది 33.4 నెలలు. అదే సంవత్సరం డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతి ఇచ్చినది.

విస్తృత దశలో చికిత్స

2018 వరకు ఈ దశలో ఇవ్వగలిగినది ప్లాటినం, ఎటోపొసైడ్ మాత్రమే. నూటికి అరవై డెబ్బై మందిలో కణితి కుంచించుకుపోయేది, కాని సగం మంది పది నెలలు దాటి బ్రతికేవారు కాదు. శరీరపు రోగనిరోధక కణాలకు క్యాన్సర్ వేసే సంకెళ్లను విప్పే మందులు అప్పుడు రంగంలోకి వచ్చినాయి. ఈ సూత్రాన్ని కనుగొన్న జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లోనే నోబెల్ బహుమతి లభించినది.

కీమోకు అటెజోలిజుమాబ్ చేర్చిన అధ్యయనంలో మధ్యస్థ ఆయుర్దాయం 10.3 నుండి 12.3 నెలలకు పెరిగినది. డుర్వలుమాబ్ చేర్చిన అధ్యయనంలో 10.3 నుండి 13 నెలలకు పెరిగినది. రెండు నెలల లాభానికి ఇంత ఖర్చా అన్న ప్రశ్న సహజం. అయితే మధ్యస్థం చెప్పేది సగం కథ. డుర్వలుమాబ్ అధ్యయనంలో మూడేళ్ల తరువాత జీవించి ఉన్నవారు కీమో మాత్రమే పొందినవారిలో 5.8 శాతం కాగా, ఈ మందు కూడా పొందినవారిలో 17.6 శాతం. అంటే చాలామందికి లాభం స్వల్పం, కొద్దిమందికి చాలా ఎక్కువ. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా చెప్పగల పరీక్ష ఇంకా రాలేదు.

ఖర్చు సంగతి దాచవలసినది కాదు. ఈ మందుల ఒక్క మోతాదు ధర లక్ష రూపాయల పైమాటే, మోతాదులు నెలల తరబడి సాగుతాయి. 2024 జులై కేంద్ర బడ్జెట్‌లో డుర్వలుమాబ్‌పై దిగుమతి సుంకం తొలగించినప్పటికీ సామాన్య రైతు కుటుంబానికి అది అందని మందే. తోట అమ్మి మందు కొనాలా అనే ప్రశ్న ఎదురైనపుడు, పై అంకెలను బంధువుల ముందు ఉంచి మాట్లాడే వైద్యుడు వారికి మేలు చేసినవాడు అవుతాడు. కీమో మాత్రమే తీసుకోవడం చికిత్స తీసుకోకపోవడం కాదు. వ్యాధిలో వచ్చే ఉపశమనంలో సింహభాగం ఆ పాత మందులదే.

నాలుగు విడతల తరువాత జబ్బు లొంగినవారిలో ఛాతీకి పది రోజుల స్వల్ప వికిరణం ఇస్తే రెండేళ్లు జీవించేవారి సంఖ్య 3 నుండి 13 శాతానికి పెరిగినదని నెదర్లాండ్స్ వైద్యుల నాయకత్వంలో జరిగిన అధ్యయనం 2015లో తెలిపినది. రోగనిరోధక మందులు రాకముందు చేసిన అధ్యయనమిది. ఛాతీలో జబ్బు ఇంకా మిగిలి ఉన్నవారికి దీనిని నేటికీ పరిశీలిస్తారు.

మెదడుకు ముందస్తు వికిరణం

మందులలో చాలావరకు మెదడులోకి సరిగా చేరవు. అందువలన ఛాతీలో జబ్బు మాయమైనవారిలో కూడా అది మెదడులో పొంచి ఉండి తరువాత బయటపడుతుంది. దీనిని నివారించడానికి మెదడులో ఏమీ కనబడకపోయినా ముందుగానే తలకు వికిరణం ఇస్తారు. కీమోతో జబ్బు పూర్తిగా మాయమైన రోగులలో, అనగా ప్రధానంగా పరిమిత దశవారిలో, దీని వలన మూడేళ్లు జీవించినవారి సంఖ్య 15.3 నుండి 20.7 శాతానికి పెరిగినదని 1999 నాటి సమీక్ష తెలిపినది. విస్తృత దశలో మాత్రం అభిప్రాయభేదం ఉన్నది. 2007లో ఐరోపా అధ్యయనం మేలున్నదని చెప్పగా, 2017లో జపాన్ అధ్యయనం క్రమం తప్పకుండా ఎంఆర్ఐ తీస్తూ కనిపెట్టుకొని ఉంటే ఆయుర్దాయంలో లాభం లేదని చెప్పినది. తలకు వికిరణం పొందిన కొందరికి జ్ఞాపకశక్తి, చురుకుదనం తగ్గుతాయి. లెక్కలు చూసుకుంటూ వ్యవహారం నడిపే మనిషికి ఇది చిన్న నష్టం కాదు. మూడు నెలలకొకసారి ఎంఆర్ఐ తీయించుకోగలవారు విస్తృత దశలో ఆ దారి ఎంచుకోవచ్చు. తీయించుకోలేనివారి విషయంలో నిర్ణయం కష్టమైనది.

తిరగబెట్టినపుడు

మొదటి చికిత్స ముగిసిన ఎన్నాళ్లకు జబ్బు తిరిగివచ్చినదనేది ముఖ్యం. మూడు నెలలు, అంతకు మించి గడచిన తరువాత వస్తే మొదటి మందులే మళ్లీ పనిచేసే అవకాశం ఉన్నది. అంతకు ముందే వస్తే మందులు మార్చాలి. చాలాకాలం ఇందుకు టోపోటెకాన్ ఒక్కటే గుర్తింపు పొందిన మందు. దీనికి మూలమైన కాంప్టోథెసిన్‌ను ఒక చైనా చెట్టు నుండి వేరుచేసి 1966లో ప్రకటించినవారు మన్రో వాల్, మహారాష్ట్రలోని నందుర్బార్‌లో జన్మించిన మన్సుఖ్ వాణీ. అదే పదార్థం పడమటి కనుమలలోని ఒక చెట్టులో కూడా ఉన్నది. ఆ కుటుంబానికే చెందిన ఇరినోటెకాన్ కూడా వాడుతారు. 2020లో లుర్బినెక్టెడిన్ అనే మందు అమెరికాలో అనుమతి పొందినది.

ఇటీవలి ముఖ్యమైన మందు టార్లటమాబ్. దీనికి రెండు చేతులు ఉన్నట్లు ఊహించవచ్చు. ఒక చేతితో చిన్నకణ క్యాన్సర్ కణంపై ఉండే డీఎల్ఎల్3 అనే మాంసకృత్తును, మరొక చేతితో రోగనిరోధక కణాన్ని పట్టుకొని రెండింటినీ దగ్గరకు చేరుస్తుంది. 2024 మే నెలలో అమెరికాలో అనుమతి పొందినది. 2025లో వెలువడిన పోలిక అధ్యయనంలో ఈ మందు పొందినవారి మధ్యస్థ ఆయుర్దాయం 13.6 నెలలు, కీమో పొందినవారిది 8.3 నెలలు. మొదటి మోతాదుల తరువాత తీవ్రజ్వరం, రక్తపోటు పడిపోవడం జరగవచ్చు కాబట్టి ఆసుపత్రిలో ఉంచి ఇవ్వాలి.

కీమో కాలంలో జాగ్రత్తలు

మందు ఎక్కిన ఏడవ రోజు నుండి పద్నాలుగవ రోజు వరకు తెల్లరక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజులలో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వస్తే అది సామాన్య జ్వరం కాదు. ఊరిలో సూది వేయించుకొని తెల్లవారేదాకా చూడటం ప్రాణాపాయం. రాత్రి అయినా ఆసుపత్రికి చేరాలి, కీమో నడుస్తున్నదని మొదటి మాటగా చెప్పాలి. ఇంట్లో ధర్మామీటరు ఉంచుకోవడం పదిరూపాయల మందుబిళ్లల కంటే విలువైన పని.

సిస్‌ప్లాటిన్ వాంతులు తెప్పిస్తుంది. ఇప్పటి వాంతి నివారణ మందులతో అది చాలావరకు అదుపులో ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతినకుండా సెలైన్ ఎక్కిస్తారు, నీరు బాగా త్రాగమంటారు. అయితే సోడియం తగ్గిన రోగికి నీరు తగ్గించమనే సలహా ఉండవచ్చు కనుక పక్క మంచం రోగికి చెప్పిన మాటను పాటించరాదు. పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించడం తెలుగు ఇళ్లలో విరివిగా కనిపించే అలవాటు. కీమో రోగికి మాంసకృత్తులు అత్యవసరం. కాలంలో వచ్చే రసాల పండు శుభ్రంగా కడిగి తినవచ్చు, మధుమేహం ఉన్నవారు వైద్యుని అడిగి తినాలి. పసరు మందులు, భస్మాలు కీమోతో కలిపి వాడితే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

బాపులపాడు పరిసరాల నుండి చికిత్సా కేంద్రాలు

బాపులపాడు 16వ నంబరు జాతీయ రహదారిపై విజయవాడ, ఏలూరుల నడుమ ఉన్నది. వికిరణ యంత్రాలు, క్యాన్సర్ వైద్యులు ఉన్న ఆసుపత్రులు విజయవాడ, గుంటూరులలో ఉన్నాయి. గుంటూరు ప్రభుత్వ సార్వజనిక ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు విరాళంతో నిర్మించిన క్యాన్సర్ కేంద్రం 2020లో ప్రారంభమైనది. హైదరాబాదులో 1955 నుండి ఉన్న ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, 2000 సంవత్సరంలో ప్రారంభమైన బసవతారకం ఇండో-అమెరికన్ ఆసుపత్రి, విశాఖపట్నం అగనంపూడిలో టాటా స్మారక కేంద్రం నడిపే హోమీ భాభా ఆసుపత్రి కూడా తెలుగువారికి తెలిసినవే. పేరున్న దూరపు ఆసుపత్రి కంటే, నాలుగు విడతలూ తప్పకుండా వెళ్లగలిగిన దగ్గరి ఆసుపత్రి ఈ వ్యాధికి మేలు. అనుమానం ఉంటే దూరపు ఆసుపత్రిలో ఒకసారి సలహా తీసుకొని మందులు దగ్గరలో వేయించుకోవచ్చు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024 నుండి ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం క్రింద క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమో, వికిరణం అర్హులైన కుటుంబాలకు ఉచితంగా లభిస్తాయి. ఆసుపత్రిలోని వైద్యమిత్ర వద్ద కార్డు, ముక్క పరీక్ష నివేదిక చూపి అనుమతి పొందాలి. నివేదిక అసలు ప్రతి, ముక్క ఉంచిన మైనపు దిమ్మ ఆసుపత్రి మారేటపుడు వెంట ఉంటే మళ్లీ ముక్క తీయవలసిన పని, దానితోపాటు పది పదిహేను రోజుల కాలం కలిసివస్తాయి.

ఉపశమన చికిత్స

ఇది చివరి రోజులలో మొదలుపెట్టేది కాదు. ఆయాసం, ఎముకల నొప్పి, నిద్రలేమి, దిగులు మొదటి వారంలోనే ఉండవచ్చు. వాటి చికిత్స కీమోతోపాటే సాగాలి. తీవ్రమైన నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ చవకైనది, నమ్మదగినది. 1985 నాటి మత్తుపదార్థాల చట్టపు నిబంధనల వలన అది చాలా ఆసుపత్రులలో దొరికేది కాదు. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు సులభంగా ఉంచుకొనే వీలు కల్పించారు. వైద్యుడు చెప్పిన మోతాదులో నొప్పికి వాడేవారు దానికి బానిసలవడం అరుదు. మలబద్ధకం మాత్రం తప్పదు కాబట్టి విరేచనానికి మందు మొదటిరోజు నుండే ఇస్తారు. తక్కువ మోతాదు మార్ఫిన్ ఆయాసాన్ని కూడా తగ్గిస్తుంది. రోగిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, కిటికీ తెరచి, చిన్న ఫ్యాను గాలి ముఖానికి నేరుగా తగిలేటట్లు పెట్టడం వలన ఊపిరి ఆడనట్లుండే బాధ తగ్గుతుందని పరిశోధనలలో తేలినది. ప్రాణవాయువు సిలిండరు మాత్రం రక్తంలో ఆమ్లజని తగ్గినవారికే అవసరం.